మిరప బండ్లకు ఎదురెళ్ళిన సైకిళ్ళు

అమ్మాయిలూ, మొన్న పాత నర్సులకు శాలువాలు కప్పిన సభలో మీలో ఒకతె నా పక్కన కూర్చుని ఒక ప్రశ్న అడిగింది. నర్సంపేట నుంచి కేసముద్రం పోయే బస్సు మామిడితోపు దగ్గరిదాకా తిన్నగా వచ్చి, ఉన్నట్టుండి పక్కకు తిరిగి, ఒక ఊరు చుట్టి మళ్ళీ పెద్దబాట ఎక్కుతుంది కదా, మధ్యలో గుట్ట లేదు, చెరువు లేదు, ఎందుకు తిరుగుతుందమ్మా అని. నేను నోరు తెరిచేలోపే ప్రార్థన మొదలుపెట్టారు. బతికిపోయారు. ఇప్పుడు కలం నా చేతిలో ఉంది, ఆపే పాస్టరుగారు పక్కన లేరు. వినండి.

ఆ మలుపు ఏ ఇంజనీరూ వేసింది కాదు. పందొమ్మిది వందల నలభైల్లో మేము సైకిళ్ళ మీద తిరిగిన టూర్ బాట అది. ఆ బాట ఎన్నిసార్లు మారిందో, మారిన ప్రతిసారీ దవాఖానలో మేము ఒకటే కారణం చెప్పేవాళ్ళం. "వాగు వచ్చింది." ఎండాకాలంలో కూడా వాగే వచ్చేది. నిజమైన కారణాలు చెబితే ఉద్యోగం పోయేది.

అవి యుద్ధం రోజులు. నిజాం రాజ్యం. మా వరంగల్ దవాఖానకు ఒక మోటారు ఉండేది గానీ పెట్రోలు దొరక్క, షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఊళ్ళు తిరిగి గర్భిణులను చూసిరావడానికి ఇద్దరు నర్సులకు రెండు లేడీస్ సైకిళ్ళు ఇచ్చారు. చీర కుచ్చిళ్ళు పడకుండా వెనక చక్రానికి దారాల జాలి, క్యారియరు మీద మందుల పెట్టె, హ్యాండిలుకు నీళ్ళ సీసా. ఒక సైకిలు నాది. రెండోది పెద్దక్కది.

పెద్దక్క అంటే మా సీనియర్ నర్సు. నాకంటే పదేళ్ళు పెద్ద, నాకంటే రెండింతల మనిషి. ఆమె ఎక్కితే సీటు స్ప్రింగులు "అమ్మా" అనేవి. ఆమె అబద్ధం ఆడదు. ఆడదంటే ఆడదంతే. అందుకని మా ఇద్దరి మధ్య ఒక ఏర్పాటు ఉండేది. అబద్ధం అవసరమైన చోట నేను మాట్లాడాలి, ఆమె ఆకాశం వైపు చూడాలి. ప్రతి ఆదివారం ఆడవాళ్ళ కూటంలో శకునాలు, దిష్టి, తాయెత్తులు అన్నీ ఉత్తవే అని గంటసేపు చెప్పేది. శకునం మాట ఎవరైనా ఎత్తితే ఆమె ముక్కు ఎర్రబడేది.

మా టూరు ఇట్లా ఉండేది. వరంగల్‌లో బయలుదేరి సైకిళ్ళ మీద నర్సంపేట. అక్కడ బడిపంతులు గారింట్లో మకాం. పక్క ఊళ్ళు చూసుకుని, అంగడి రోజుకు కేసముద్రం. అక్కడ సైకిళ్ళను గార్డు డబ్బాలో వేసి, పాసింజరు ఎక్కి వరంగల్. దవాఖాన పెద్ద డాక్టరమ్మ గోడ మీది పటానికి గుండుసూదులు గుచ్చి, ఎర్రదారంతో ఈ బాటంతా చుట్టి పెట్టేది. ఆమెది కోస్తా. మనసు వెన్న, మాట చాకు. బాట మారినప్పుడల్లా దారం విప్పి మళ్ళీ కట్టేది.

మొదటిసారి ఎందుకు మారిందంటే, ఒక ఊళ్ళో ఒక పొట్టేలుకు సైకిలు అంటే పగ. హ్యాండిలు కొమ్ములనుకునేదేమో, దూరం నుంచే తల వంచుకుని పరుగెత్తుకొచ్చేది. రెండోసారి ఇంకో ఊళ్ళో పటేలు తల్లి వల్ల. ఆ ముసలమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి పెరుగన్నం మీద పెరుగన్నం పెట్టేది. తిన్నాక సైకిలెక్కితే పెడలు కదిలేది కాదు, ముందు మోకాలు కడుపుకు తగిలేది. మూడోసారి తుమ్మముళ్ళు. టైర్లు బంగారంకన్నా పిరమైన రోజులు, పంక్చరైతే ప్రాణం పోయినట్టుండేది. మూడింటికీ డాక్టరమ్మకు నేను చెప్పిన కారణం మీకు తెలుసు. పెద్దక్క మూడుసార్లూ ఆకాశం చూసింది.

ఇక అసలు కథ. మాఘం దాటితే మిరపకాయల కాలం. నర్సంపేట సావుకారు ఒకాయన ఊళ్ళలో మిరప కొని, బస్తాలకెత్తి, అంగడి రోజున బండ్లు కట్టించి కేసముద్రం తోలించేవాడు. బండ్లు కోడికూతకు బయలుదేరి, సగం బాటలో మామిడితోపు దగ్గర ఎడ్లను విడిచి, మేత వేసి, మళ్ళీ కట్టేవి. మేమూ అదే రోజు అదే బాటలో బండ్ల వెనకనే పోయేవాళ్ళం. ఎండు మిరప బస్తాల వెనక, ఎదురుగాలిలో, సైకిలు తొక్కి చూడండి తెలుస్తుంది. నాకు తుమ్ము మొదలైంది. నాది ఆగేసరికి పెద్దక్కది. ఆమె తుమ్మితే చెట్టు మీది కాకులు లేచేవి.

"ఎవలే ఎనుక తుమ్మింది?" అని ముందు బండి పెద్దమనిషి అరిచాడు.

"నేనే అన్నా! మీ మిరపకాయలే తుమ్మిచ్చినయ్!" అన్నాను.

"అయ్యో, ఇప్పుడే ఎడ్లను కడితిమి గద పిల్లా! ఇగ పాయె. దిగుండ్రి. నీళ్ళు తాగి నిమ్మలంగ పోదాం."

తుమ్ము వినబడితే ప్రయాణం ఆపి, కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి లేవాలి కదా. బండ్లన్నీ ఆగాయి. అందరూ దిగి నీళ్ళు తాగారు. లేచి ఎడ్లను అదిలించబోతుండగా పెద్దక్క ఇంకోటి వదిలింది. మళ్ళీ దిగారు. ఇట్లా బాట పొడుగునా వాళ్ళు తాగిన నీళ్ళతో ఒక మడి పారేది. వాళ్ళు అంగడి చేరేసరికి కొనేవాళ్ళు పోయారు, ధర పడిపోయింది.

మరుసటి టూరులో సావుకారు బడిపంతులు గారింటికే వచ్చాడు. సన్నటి మనిషి, చెవులకు పోగులు, ఎప్పుడూ చెయ్యి గుండెల మీద పెట్టుకుని మాట్లాడేవాడు.

"ఏం సిస్టరమ్మా, నేను మీకేం పాపం జేసిన? మీ తుమ్ములు మీ దవాఖానల తుమ్ముకోరాదా?"

పెద్దక్క ముక్కు ఎర్రబడింది. "తుమ్ముకు, ధరకు ఏం సంబంధం సావుకారీ? దుమ్ము పోతే తుమ్ము వస్తది. అది శకునం గాదు."

"సంబంధం నీకు తెల్వదు తల్లీ, నా గల్లాకు ఎరుక."

తుమ్మితే ఊడే ముక్కు ఉన్నా ఒకటే ఊడినా ఒకటే అంటారు. మా తుమ్ముకు మా ముక్కులు బాగానే ఉన్నాయి, ఆయన వ్యాపారం ఊడింది. నాకు నవ్వాగలేదు. పంతులు గారి భార్య మజ్జిగ తెచ్చి ఆయన్ని చల్లబరిచి పంపింది.

ఆ తర్వాతి టూరుకు వరంగల్ దాటకముందే పెద్దక్క సైకిలు ముందు టైరు ఫట్‌మని పేలింది. అతుకు వేయించేసరికి నర్సంపేటకు చేరే సమయం మించిపోయింది. పోనీ, టూరును తోక నుంచి మొదలుపెడదామని రైలెక్కి కేసముద్రంలో దిగి, అటునుంచి నర్సంపేట వైపు తొక్కుతున్నాం. మామిడితోపు దగ్గర సరిగ్గా ఎడ్లను కట్టి కొరడా ఎత్తిన క్షణాన, మేము ఎదురొచ్చాం. గాలి మా వెనకనుంచి. తుమ్ము లేదు. పెద్దక్క తెల్లచీర ఎండలో మెరుస్తూ, బెల్లు కొట్టుకుంటూ బండ్ల పక్కనుంచి దాటిపోయింది.

ఆ రోజు మిరపకు ఎన్నడూ లేని ధర పలికింది. మానుకోట వైపు నుంచి రావలసిన బండ్లు ఏదో గొడవతో రాలేదట, సరుకు తక్కువై ధర లేచింది. ఇది నాకు తర్వాత తెలిసింది. తెలిసి ఎవరికి చెబితే వింటారు? మరుసటి అంగడికి మేము మామూలుగా నర్సంపేట వైపు నుంచి పోతే, తోపు దగ్గర బండ్లు కట్టి ఉన్నాయి గానీ కదలట్లేదు.

"ఏమైందన్నా, ఇరుసు ఇరిగిందా?"

"ఏం గాలే బిడ్డా. మీరు జర గా చేన్లకెల్లి ముంగటికి పోయి, మల్ల మాకు ఎదురు రాండ్రి. సావుకారి అట్లనే చెప్పమన్నడు."

పెద్దక్క రాను పొమ్మంది. శకునం మీద నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చింది. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. విని, "అట్లనేనమ్మా, ఇగ ఎదురు రా" అన్నారు.

సావుకారు ఆగే మనిషా? వారం తిరగకముందే వరంగల్ వచ్చి డాక్టరమ్మ బల్ల మీద గోనెసంచి విప్పాడు. అందులో రెండు జతల కొత్త సైకిల్ టైర్లు! యుద్ధంలో, కొత్త టైర్లు! డాక్టరమ్మ వాటిని వాసన చూసింది, నేను కళ్ళారా చూశాను.

"ఎక్కడివండీ ఇవి?"

"మా తమ్ముని దుకాండ్ల పాత స్టాకమ్మా. దవాఖానకు ధర్మం. ఒక్కటే మనవి. అంగడి నాడు మీ సిస్టరమ్మలు రైలుకు వచ్చి, కేసముద్రం కెల్లి నర్సంపేటకు పోవాలె. ఇటుకెల్లి అటు పోవద్దు."

"ఎటు నుంచి తొక్కినా సైకిలు సైకిలేగా" అని డాక్టరమ్మ దారం విప్పి, టూరును తలకిందులు చేసి కట్టింది. ఇట్లా ఒక దవాఖాన టూరు మిరపకాయల కోసం వెనక్కి తిరిగింది. ఇంతవరకు నవ్వులాటే.

కానీ దారం మళ్ళీ కట్టేటప్పుడు ఒక ఊరు బయట పడిపోయింది. మామిడితోపుకు పక్కన, చేలకు అడ్డంపడి పోతే ఒక కోసు, అంటే రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఊరు. పాత లెక్కన పెద్దబాట దిగి దాన్ని చూసుకుని పోయేవాళ్ళం. ఇప్పుడు రైలు దిగి, బండ్లు కట్టే వేళకు తోపు చేరాలంటే తిన్నగా పోవాలి. "ఆ ఊళ్ళో మీ మాట ఎవరూ వినరుగా, పోనివ్వండి, వానలు పడ్డాక చూద్దాం" అంది డాక్టరమ్మ.

ఆ ఊళ్ళో మా మాట విననిది ఒక్క ఇల్లు. ఆ ఇంటి కోడలు కోసమే మా బాధంతా. ఆ పిల్లకు రెండు కాన్పులు ఇంట్లోనే అయ్యాయి, రెండుసార్లూ బిడ్డ అడ్డం తిరిగి చనిపోయింది. రెండోసారి పిల్ల కూడా చావు అంచుదాకా పోయి వచ్చింది. మూడోది దవాఖానలో కాకపోతే తల్లి కూడా దక్కదని డాక్టరమ్మే ఖచ్చితంగా చెప్పింది. ఇప్పుడు ఆ పిల్లకు ఎనిమిదో నెల. కానీ అత్త బయటికి పంపదు. ప్రయాణానికి ఎప్పుడు ఒప్పించినా, పిల్లి అడ్డమొచ్చిందనో, కట్టెలమోపు ఎదురైందనో, బల్లి పలికిందనో ఆపేసేది. ఆ అత్త ముఖం మేము సరిగా చూసిందే లేదు. ఎప్పుడూ తలుపు వెనకనుంచే మాట.

పెద్దక్క గోడ మీది దారాన్ని ఒకసారి చూసి, సైకిలు తీసింది. రైల్లో నాతో అంది.

"ఓ పిల్లా, సావుకారికి టైర్ల బాకీ ఉన్నది, ఎదురు పోతం. ఆయినెంక మన బాట మనది."

"డాక్టరమ్మ అడిగితే?"

"నోరు నీది గాదా?"

అప్పట్నుంచి ప్రతి అంగడినాడు మేము తోపు దగ్గర బండ్లకు ఎదురు పోయి, సావుకారి మనుషులు కనుమరుగయ్యాక చేలగట్ల మీదినుంచి ఆ ఊరికి మళ్ళి, పిల్లను చూసి, మళ్ళీ పెద్దబాటెక్కి నర్సంపేట చేరేవాళ్ళం. రెట్టింపు తొక్కుడు. వరంగల్‌కు ఆలస్యంగా వస్తే డాక్టరమ్మ అడిగేది. "వాగు వచ్చిందమ్మా" అనేదాన్ని. ఒకసారి ఆమె కళ్ళజోడు తీసి, "ఫాల్గుణంలో ఏ వాగమ్మా?" అంది. "అడివిల పడ్డదేమో వాన" అన్నాను. పెద్దక్క ఆకాశంలో మబ్బు కోసం వెతికింది.

ఒకరోజు చేలగట్టు మీద నా ట్యూబుకు అతుకు వేస్తూ పెద్దక్క నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకక్కా అన్నాను.

"నా పెండ్లయిన రెండో యేడే మా ఆయన జరమొచ్చి పోయిండు. నీకెన్నడు చెప్పలే. అప్పటికి మేము మతం పుచ్చుకోలే. పొద్దుగాల నేను వాకిట్లకొస్తే ఎదురింటోళ్ళు తలుపేసుకునేటోళ్ళు. ఎవలన్న ఊరికి పోతాంటే మా అత్త నన్ను కొట్టంల కూసోబెట్టేది. ఎనిమిదేండ్లు నేను ఎవలకు ఎదురు పోలే, నాకు ఎవలు ఎదురు రాలే. గందుకే ఊరిడిసి ఈ నర్సు చదువుకొచ్చిన. ఇగ ఇప్పుడు చూడు! నర్సంపేట బజారంత నేను ఎదురొస్తెనే ఎడ్లను కడతాంది!"

తెల్లచీర మా ఉద్యోగం బట్ట. బొట్టు మాకు లేదు. గాజులు డ్యూటీలో ఉండవు. పెళ్ళయిన మనిషో, కాని మనిషో, మొగుడు పోయిన మనిషో చూసి చెప్పడానికి ఊరివాళ్ళకు ఏ ఆనవాలూ లేదు. సావుకారు అడగాలని అనుకోలేదు, ఆమె చెప్పాలని అనుకోలేదు.

"మరి ఆయనకు తెలిస్తే?"

"తెలిస్తే టైర్లు గుంజుకపోతడు" అని మళ్ళీ నవ్వింది. ఆ నవ్వులో కొంత నవ్వు కానిది కూడా ఉంది. నేను పంపు అందించాను.

ఇక ఆ రోజు. సీజనులో చివరి పెద్ద సరుకు, సావుకారు తనే బండ్ల వెంట వచ్చాడు. మేము రైలు దిగి తోపు దగ్గరికి వస్తుంటే, చేలల్లోంచి ఆ పిల్ల మొగుడు పరుగెత్తుకొస్తున్నాడు. చెప్పుల్లేవు, తలపాగా లేదు.

"అక్కా, నొప్పులు సురువైనయ్! ఇంకా నెల ఉన్నదంటిరి గదా!"

"ఇంటికి వో తమ్మీ. పిల్లను తయారు జెయ్యి. నేను బండి తెస్త" అంది పెద్దక్క.

"మా ఎద్దు కుంటుతాంది అక్కా."

"నీ బండి గాదు. వో!"

తోపులో బండ్లు కట్టి సిద్ధంగా ఉన్నాయి. సావుకారు మమ్మల్ని చూసి ముఖం చాటంత చేసుకున్నాడు. పెద్దక్క సైకిలు దిగి, స్టాండు వేసి, మైలురాయి మీద బండ్లకు వీపు పెట్టి కూర్చుంది.

"గదేంది తల్లీ, జర ఎదురొచ్చి కూసో!"

"వస్త సావుకారీ. ముందుగాల ఒక బండి ఖాళీ చెయ్. గా ఊళ్ళె ఒక పిల్లకు నొప్పులు. టేషన్‌కు పోవాలె, రైలుకు అందాలె. పిల్ల దక్కితె ఆయినెంక నీ బండ్లకు ఎన్నిసార్లన్న ఎదురొస్త."

"నిండు బండిని బాటల ఖాళీ చేసుడా! అంతకన్న అపశకునం ఉంటదా?"

పెద్దక్క కదలలేదు. నాకు అప్పుడొక ఆలోచన వచ్చింది. సైకిలు నడిపించుకుంటూ మెల్లగా బండ్ల వెనక్కి పోయి, ఒక బస్తా దగ్గర ముఖం పెట్టి గట్టిగా గాలి పీల్చాను.

"సావుకారీ, నాకు ముక్కు దురదపెడతాంది!"

"వద్దు! వద్దు పిల్లా! ముక్కు పట్టుకో! ఓ, దించుండ్రిరా బస్తాలు, దించుండ్రి!"

బస్తాలు మామిళ్ళ కింద పడ్డాయి. ఎదురు బాకీ ఉంది కాబట్టి సావుకారు కూడా బండి వెంబడే ఊళ్ళోకి వచ్చాడు, గుండెల మీద చెయ్యి తీయకుండా.

పిల్లను ఎత్తి గడ్డి మీద పడుకోబెట్టాం. ఒళ్ళంతా చెమట. ఊళ్ళో ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. బండి కదలబోతుంటే తలుపు వెనకనుంచి అత్త గొంతు వచ్చింది.

"ముత్తైదువ ఎదురు లేనిది బండి కదలొద్దు."

ఒక్కతె కూడా ముందుకు రాలేదు. ఒకామెకు పొయ్యి మీద కూర ఉంది, ఇంకొకామెకు కాలు బెణికింది. రెండు కాన్పులు చెడ్డ పిల్లకు ఎదురొచ్చి, మూడోదీ చెడితే జన్మంతా మాట పడాలి కదా. అప్పుడు సావుకారు, తన కష్టకాలంలో కూడా, గొప్పగా చెయ్యెత్తాడు.

"ఈ సిస్టరమ్మ ఉండంగ ఫికరెందుకు? ఇంతకన్న మంచి ఎదురు ఈ జిల్లాల లేదు. నా బండ్లనడుగుండ్రి!"

"ఆమె మొగడున్న మనిషేనా?" అంది తలుపు వెనక గొంతు.

"ఉన్నడవ్వా!" అన్నాను వెంటనే. "మిలిట్రీల ఉన్నడు! బర్మాల కొట్లాడతాండు! మొన్ననే జాబు రాసిండు!"

పెద్దక్క నా వైపు చూసింది. ఈసారి ఆకాశం వైపు చూడలేదు. తలుపు దగ్గరికి పోయింది.

"లేడవ్వా. ఎన్నడో సచ్చిండు. నేనుగూడ నీ లెక్కనే."

సావుకారు చెయ్యి గుండెల మీదినుంచి నోటి మీదికి పోయింది. ఎన్ని అంగళ్ళు, ఎన్ని బండ్లు, ఎన్ని బస్తాలు, ఆయన కళ్ళలో తిరుగుతున్నాయి. నేను టైర్ల ఆశ వదిలేసుకున్నాను.

తలుపు కొంచెం తెరుచుకుంది. ఆ తలుపు చాటు బతుకును పెద్దక్క ముందే పోల్చుకుంది, నేను మాత్రం అప్పుడే చూశాను అత్తను. ఒంటి మీద తెల్లబట్ట, నుదురు ఖాళీ, చేతులు ఖాళీ. ఇన్ని నెలలు మొండిదని తిట్టుకున్న మనిషి, పిట్టంత ఉంది.

"మొదటి కాన్పుకు నేను తెల్వక వాకిట్ల నిలబడ్డ బిడ్డా. మనవడు పాయె. గందుకే రెండోసారి తలుపెనుకనే ఉన్న. బయటికే రాలే. అయినా పాయె. నా నీడ దానికి తాకుతాందని, ఎల్లనిస్తే బాటల ఇంకేమైతదో అని..."

"తలుపెనుక దాసుకున్నా పాయె గదా అవ్వా. మరి నీ తప్పేందే?" అంది పెద్దక్క. గొంతు ఆదివారం గొంతు కాదు. "నన్ను గూడ ఎనిమిదేండ్లు తలుపెనుక పెట్టిన్రు. నేను లోపలున్నా సచ్చెటోళ్ళు సచ్చిన్రు, బతికెటోళ్ళు బతికిన్రు."

బండిలోంచి ఒక కేక వచ్చింది. "మీ ముచ్చట్లు ఆయినెంక పెట్టుకోండ్రి! అత్తా, ఇంకెవలు వద్దు, నువ్వే ఎదురు రా! లేకుంటె ఈ బండ్లనే కంట!"

నేను మందుల పెట్టె ఊడదీసి బండిలో పెట్టాను. పెద్దక్క ఏం చేయబోతోందో నాకు అప్పటికే అర్థమైంది. ముసలామెను సంకలో చెయ్యి వేసి లేపి, ఖాళీ అయిన క్యారియరు మీద కూర్చోబెట్టి, సైకిలెక్కింది. స్ప్రింగులు రెండుసార్లు "అమ్మా" అన్నాయి. పశువుల కొట్టం చుట్టూ తిరిగి, పేడకుప్ప తప్పించి, వీధి అటు చివరనుంచి మలుపు తిరిగి వచ్చారిద్దరూ. బెల్లు ఆగకుండా మోగుతోంది. వెనక ముసలామె పెద్దక్క నడుము రెండు చేతులతో వాటేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "పడ్డ! పడ్డ! ఓ నాయినో, పడ్డ!" అని అరుస్తోంది. తెల్లచీరల కొంగులు రెండూ గాలికి లేచాయి. నొప్పుల్లో ఉన్న పిల్ల, ఒట్టు, పకపకా నవ్వింది.

మొగుళ్ళు పోయిన ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే సైకిలు మీద, బండికి ఎదురు.

సావుకారు తేరుకుని, గొంతు సవరించుకుని, ఊరికంతా వినబడేట్టు తీర్పు చెప్పాడు.

"ఇన్ని అంగళ్ళు నాకు ఎదురొచ్చింది ఈ తల్లే. ఒక్క బస్తా ఎనుకకు రాలే. అచ్చిరాని ఎదురైతే నా గల్లా నాకు చెప్పకపోవునా? తోలుండ్రిరా బండి!"

బండి తోలాం. రైలందింది, గార్డు మా మొహాలు చూసి డబ్బా తలుపు తీశాడు. వరంగల్‌లో డాక్టరమ్మ చేతుల్లో దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. పుట్టీ పుట్టగానే ఏడ్చిన ఏడుపుకు, షెడ్డులో మోటారు మీది కోళ్ళు లేచాయి. తల్లి దక్కింది. అంతా అయ్యాక డాక్టరమ్మ చేతులు కడుక్కుని, నన్ను పిలిచి, "ఇవాళ కూడా వాగేనా?" అంది. నేను తల దించుకున్నాను. ఆమె గోడ దగ్గరికి పోయి, దారం విప్పి, ఆ ఊరిని లోపలికి తీసుకుని మళ్ళీ ముడి వేసింది.

టైర్లు సావుకారు వెనక్కి అడగలేదు. పైగా ఆయన లెక్క ఆయన వేసుకున్నాడు. మేము అంగడినాడే వస్తాం. ముసలామె మాత్రం రోజూ ఇంట్లోనే ఉంటుంది. రోజూ దొరికే ఎదురును వదులుకునే వ్యాపారి ఉంటాడా? ఆయన బండ్లు తోపు దగ్గర పక్కకు మళ్ళి, ఆ ఊళ్ళోంచి, ఆ ఇంటి ముందునుంచి పోవడం మొదలుపెట్టాయి. ఆయన్ని చూసి మిగతా వాళ్ళ బండ్లు. ఇన్నేళ్ళు తలుపు వెనక ఉన్న మనిషి పొద్దున్నే వాకిట్లో మంచం వేసుకుని, చంకలో మనవరాలిని పెట్టుకుని, బండి బండికీ లేచి ఎదురొచ్చేది. ఎదురుకు పిడికెడు మిరపకాయలు పుచ్చుకునేది కూడా. పెద్దక్క తల పట్టుకుంది. "శకునాలు పోగొడదామని పదేండ్లు మొత్తుకుంటి. ఇగ నేనే కొత్తది ఒకటి పుట్టిస్తి" అనేది. ఆదివారం కూటంలో ఆ పాఠం మాత్రం చెప్పడం మానేసింది.

బండ్లు నడిచి నడిచి అక్కడ బాట పడింది. బాట మీద మొరం పోశారు, మొరం మీద తర్వాతెప్పుడో తారు పోశారు, తారు మీద మీ బస్సు పోతోంది. మలుపు సంగతి అది.

యుద్ధం ముగిసిన ఏడాది పెద్దక్కకు దూరపు దవాఖానకు బదిలీ అయింది. బయలుదేరే రోజు పొద్దున జట్కా వచ్చి నిలబడింది. సైకిలు నాకు అప్పగించి, పెట్టె బండిలో పెట్టి, ఆమె గేటు వైపు నడిచింది. నేను ఆమె వెనకనే ఉన్నాను.

గేటు బయట ఆ ముసలామె నిలబడి ఉంది. ముందు రోజు సాయంత్రం బండిలో కేసముద్రం వచ్చి, రైలెక్కి, పొద్దుటిదాకా మా దవాఖాన అరుగు మీద కూర్చుందట. కొత్త తెల్లచీర కట్టుకుంది. రెండు చేతులతో నిండు బిందె పట్టుకుంది, నీళ్ళు అంచుల మీద తొణుకుతున్నాయి.

పెద్దక్క ఆగిపోయింది. "ఏందవ్వా ఇది, ఈ వయసుల గింత దూరం..."

"నీకెవలు ఎదురొస్తరే బిడ్డా? నేనే వచ్చిన" అంది ఆమె. బిందె తొణకకుండా మెల్లగా అడుగులు వేసుకుంటూ పెద్దక్కకు ఎదురొచ్చింది.

పెద్దక్క అక్కడే నిలబడి, ఆమె పూర్తిగా తన దగ్గరికి వచ్చేదాకా కదలలేదు. తర్వాత వంగి ఆ బిందెలోని నీళ్ళు దోసిట్లోకి తీసుకుని తాగింది.

జట్కా దగ్గర డాక్టరమ్మ వీడ్కోలు చెప్పడానికి నిలబడి ఉంది. పెద్దక్క ముఖం చూసి, కళ్ళజోడు సవరించుకుని, "ఏమిటమ్మా, ఆ కళ్ళేమిటి అట్లా ఉన్నాయి?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను, ఏదో ఒకటి అల్లుదామని. అది నా డ్యూటీ కదా. పెద్దక్క చేత్తో నన్ను ఆపింది.

"వాగు వచ్చిందమ్మా" అని, జట్కా ఎక్కింది.